బాగన్ దాతుక్ మొసలికి తూకం వేసిన తూటా

మలయా వెళ్ళొచ్చిన వాణ్ణి మా శ్రీకాకుళంలో ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు: రబ్బరు పాలు తెల్లగా ఉంటాయా, అక్కడివాళ్ళు పాముల్ని తింటారా. మొదటిదానికి అవునని, రెండోదానికి నేను చూడలేదని చెబుతాను. నువ్వసలు ఎందుకెళ్ళావని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మొసలిని చంపడానికని చెప్పాలి. నా చేతులు చూసి ఎవరూ నమ్మరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

జమీలు రద్దవక ముందు నేను ఒక చిన్న రాజావారి దగ్గర పదహారేళ్ళు తుపాకుల గది చూశాను. సీమ తూటాల ఖరీదు ఎక్కువని, రాజావారు కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, మళ్ళీ మందు కూరి, కొనకి గుండు బిగించి ఇవ్వడం నా పని. అటు రాజమండ్రి దాకా నా తూటాలకి పేరుండేది. నిజం చెప్పాలంటే రాజావారి పులులన్నీ మంచె కింద ముప్ఫై అడుగుల్లో, కట్టేసిన దున్నపోతు పక్కన నిలబడి చచ్చినవే. అంత దగ్గర్లో గుండు బదులు గుమ్మడికాయ కూరినా తగిలేది. జమీ పోయింది, తుపాకులు కలెక్టరాఫీసుకి పోయాయి, నేను గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను.

అప్పుడొచ్చింది మా బావ ఉత్తరం. బావ పేరు అప్పలనాయుడు. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో కిరాణీ, అంటే గుమస్తా. ఆయన రాసింది ఇది: ఎస్టేటు పక్కన పారే ఏటిపాయలో ఒక మొసలి చేరింది. ఎస్టేటు దొర దాని మీద పద్నాలుగు తూటాలు కాల్చాడు, ఒక్కటీ తగల్లేదు. అవతలి ఒడ్డు మూడు వందల గజాలు. "మా బామ్మర్ది చేతి తూటా ఎంత దూరమైనా తప్పదని దొరకి చెప్పాను. టిక్కెట్టు దొరే పంపుతున్నాడు. ఒక్క రవ్వ మందు గాని, ఒక్క గుండు గాని వెంట తేవద్దు. ఇక్కడ ఎమర్జెన్సీ. జేబులో తూటా దొరికితే ఉరి." ఉరి అన్న మాట కింద రెండు గీతలు.

అడవిలో కమ్యూనిస్టులకీ సర్కారుకీ తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న పోరుని అక్కడ ఎమర్జెన్సీ అంటారు. ఆ ఆగస్టు నెలాఖరుకే మలయాకి స్వాతంత్ర్యం, వాళ్ళ మాటలో మెర్డెకా. నాకు దూరం కొట్టే సంగతి ఏమీ తెలియదని బావకి జవాబు రాయవచ్చు. రాయలేదు. అక్కని చూసి పదకొండేళ్ళయింది.

పెనాంగ్ రేవు

ఓడలో ఆరు రోజులు నేనేం తిన్నానో సముద్రానికి తెలుసు, నాకు తెలియదు. ఏడో రోజు పెనాంగులో దిగాను.

నా పెట్టెలో తుపాకీ సామాను ఏదీ లేదు. ఉన్నవల్లా చిన్న ఇత్తడి త్రాసు, గుడ్డసంచీలో గురివింద గింజలు. మందు తూచడానికి నాకు ఇంగ్లీషు పడికట్టు రాళ్ళకన్నా గురివిందల మీదే నమ్మకం. కస్టమ్సులో ఒక మలాయ్ కుర్ర అధికారి సంచీ విప్పి, గింజలు వేళ్ళతో కదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్న తమిళ దుబాసీ నా వైపు తిరిగాడు.

"ఇది విషమంటున్నారు. ఎవరికి పెట్టడానికి తెచ్చావు?"

"ఎవరికీ కాదండీ. తూచడానికి."

"ఏమి తూచడానికి?"

నోటిదాకా వచ్చిన మాట తుపాకీ మందు. బావ గీసిన రెండు గీతలు కళ్ళముందు కనిపించి ఆ మాట మింగేశాను. ఇంతలో లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసం, తలమీద నల్ల సొంకో టోపీ. గింజ ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసి నవ్వాడు. "సాగా!" అన్నాడు. తమ ఊళ్ళో కంసాలులు కూడా ఇలాంటి ఎర్ర గింజలతోనే బంగారం తూస్తారట. అయితే వాళ్ళవి పెద్దవి, నల్ల మచ్చ ఉండదు.

"నువ్వు కంసాలివా?" అని అడిగించాడు.

"గడియారాలు బాగుచేస్తానండీ," అన్నాను. అది అబద్ధం కాదు.

పెద్దాయన వెంటనే తన చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టాడు. నాలుగు నెలలుగా నడవడం లేదట. నా వెనక డెబ్బై మంది ప్రయాణికులు మూటలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉండగా, నేను కస్టమ్సు బల్ల దగ్గర కూర్చుని అరగంట పాటు దాన్ని శుభ్రం చేసి నడిపించాను. నా పెట్టెలో ఇంకేముందో ఎవరూ చూడలేదు. వెనకవాళ్ళు మాత్రం నన్ను అరవంలో ఏమేమి తిట్టారో దుబాసీ చెప్పలేదు.

రేవు బయట చీనావాడి కాఫీ దుకాణంలో పది సెంట్లకి కాఫీ తాగాను. కాఫీ నల్లగా తారులా ఉంది, అడుగున డబ్బాపాలు వేలెడు మందాన పేరుకున్నాయి. కలుపుకోవాలని తెలియక పైది చేదుగానూ కిందిది పాయసంగానూ తాగాను. ఉడకబెట్టిన గుడ్డు అడిగితే సాసర్లో పగలగొట్టి ఇచ్చాడు. అది ఇంకా గుడ్డో కోడో తేల్చుకోలేని స్థితిలో ఉంది. చుట్టూ అందరూ అదే జుర్రుకుంటున్నారు. కళ్ళు మూసుకుని మింగాను.

సుంగై సిపుట్

రైలు ముందు ఇనప రేకులు తొడిగిన చిన్న బండి ఒకటి వెళుతుంది. పట్టాల మీద బాంబుంటే ముందు అది పేలాలని ఏర్పాటు. మన దగ్గర రైలు ముందు కొబ్బరికాయ కొడతారు. ఎవరి భయం వారిది.

బావ చిన్నమ్మ పైడితల్లమ్మ సుంగై సిపుట్ పక్కన రబ్బరు ఎస్టేటులో ఉంటుంది. దారిలో ఆమెని చూసి, మాడుగుల హల్వా కొంచెం ఇచ్చి వెళ్ళమని ఉత్తరంలో ఉంది. ఎస్టేటు చుట్టూ ముళ్ళతీగ, గేటు దగ్గర పోలీసులు. హల్వా డబ్బా చూసి ఒక కాన్‌స్టేబులు దాన్ని బల్లమీద పెట్టి, మేకు తీసుకుని, సుత్తితో రెండు కన్నాలు పెట్టాడు. మూత బిగించిన డబ్బా ఏదీ ఈ గేటు దాటకూడదు. కన్నం పడ్డ డబ్బాలో తిండి నిలవుండదు కాబట్టి అడవిలో వాళ్ళకి చేరదు. అది చట్టం.

"ఇది మూతపెట్టి అమ్మే డబ్బా కాదు బాబూ, మూత చేత్తో ఊడొస్తుంది," అని సైగలతో చెప్పాను. అతను మూత తీసి చూశాడు, హల్వా కొంచెం నోట్లో వేసుకుని తల ఊపాడు, మళ్ళీ మూత పెట్టి, మూతకి కూడా ఒక కన్నం పెట్టాడు.

పైడితల్లమ్మ నన్ను చూసి, "ఏటి బాబూ, అప్పలనాయుడి బామ్మర్దివేటి నువ్వు? ముకం సూస్తే మీ అక్కే!" అని రెండు చేతులూ పట్టుకుంది. అరవై దాటిన మనిషి, పొద్దున్నే రబ్బరు గీసి వచ్చిన చేతులు. భోజనానికి నన్ను ఒక పెద్ద వంటశాలకి తీసుకెళ్ళింది. ఆ ఎస్టేటులో ఇంట్లో బియ్యం ఉంచుకోనివ్వరు. అందరికీ ఒకేచోట వండి పెడతారు.

"రోజూ పెళ్ళి బోజనమే బాబూ. పెళ్ళి మాత్రం నేదు," అంది.

నవ్వి, తర్వాత నవ్వు ఆపింది. ఎమర్జెన్సీ మొదటి ఏడాది ఈ లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఎవరెవరు పోయారో పేర్లు చెప్పింది. నలుగురు. అందులో ఒకడు ఆమె కొడుకు ఈడువాడు, కొడుకు స్నేహితుడు. "అటోల్లు అడిగితే బియ్యం ఇయ్యాల, ఇటోల్లు అడిగితే ఇయ్యనేదని సెప్పాల. మాకు ఏటి తెలుస్తాది?" అని, నా ఆకులో ఇంకో గరిటె అన్నం వేయించింది. ఆమె కోడలు అరవపిల్ల. మా మాటలన్నీ అర్థమవుతున్నట్టు తల ఊపుతూ, జవాబు మాత్రం అరవంలోనే చెప్పింది.

మళ్ళీ రైలెక్కేసరికి కన్నాల్లోంచి చీమలు హల్వాలోకి దిగుతున్నాయి. నా ఒళ్ళో డబ్బా, డబ్బాలో చీమలు, చొక్కాలో మిగతా చీమలు. బాగన్ దాతుక్ దాకా అందరం కలిసే ప్రయాణించాం.

బాగన్ దాతుక్

తెలుక్ అన్సన్లో రైలు దిగితే బావ ఎదురొచ్చాడు. ఊళ్ళో పంచె తప్ప కట్టని మనిషి మోకాళ్ళ దాకా కాకీ లాగు, మోకాళ్ళ కింద నుంచి మేజోళ్ళు వేసుకుని నిలబడ్డాడు. మధ్యలో కనబడే రెండు మోకాళ్ళూ పాత బావవే.

బస్సులో గొంతు తగ్గించి చెప్పాడు: "బామ్మర్దీ, పెద్ద కిరాణీ వచ్చే నెల ఇండియా ఎళ్ళిపోతన్నాడు. ఆ కుర్సీ నాకే రావాల. దొరకి నీ గురించి అంతా సెప్పినాను. నువ్వు పెద్ద బరువు గుండు ఏసి ఏనుగుని కూడా పడగొట్టినావని సెప్పినాను."

"ఏనుగా? మా ఊళ్ళో ఏనుగెక్కడిది బావా?"

"దొరకి తెలవదు లా," అన్నాడు బావ. మాట చివర ఈ "లా" ఆ దేశపు అలవాటు.

అక్క ఇంట్లో అన్నిటా కొబ్బరే. చారులో కొబ్బరి పాలు, చేపలో కొబ్బరి పాలు, ఆఖరికి ఉప్మాలోనూ. హల్వాలోంచి చీమల్ని ఏరి, ఎండలో పెట్టి, "ఊరి హల్వా. సీమలు కూడా ఊరివేనేమో," అంటూ అక్క కళ్ళు తుడుచుకుంది. ఆ చీమలు సుంగై సిపుట్‌వని నేను చెప్పలేదు.

మర్నాడు ఏటిపాయ చూపించారు. పోటు తీసినప్పుడు ఇవతలి ఒడ్డు పొడుగునా అరమైలు బురద బయటపడుతుంది. ఆ బురదలో ఆడవాళ్ళు గుల్లలు ఏరుకునేవారు. ఇంటి కూరకి సరిపోను ఉంచుకుని మిగతావి సంతలో అమ్మేవారు. మూడేళ్ళ కిందట సింహాద్రి అనే కొబ్బరికాయలు ఒలిచే మనిషి పడవ తోస్తుంటే మొసలి పాదం పట్టింది. మనిషి బతికాడు, పాదం పోయింది. అప్పట్నుంచి బురదలో ఒక్క ఆడమనిషి దిగలేదు. మొసలి అవతలి ఒడ్డున ఎండ కాచుకుంటూ ఇవతల పని చేసేవాళ్ళని రోజంతా చూస్తుంటుంది. అందుకని దానికి కంగాణీ, అంటే కూలీల మేస్త్రీ, అని పేరు పెట్టారు. పడవ నడిపే ముసలి మలాయ్ మనిషి పాక్ మాట్ మాత్రం ఆ పేరు పలకనివ్వడు. "దాతుక్ అనండి. తాతగారికి కోపం వస్తుంది," అంటాడు. పడవలో దగ్గరకి వెళ్ళబోతే అది నీళ్ళలోకి జారిపోతుంది. కాబట్టి ఇవతలి ఒడ్డు నుంచే కొట్టాలి.

దొర బంగళా

దొర ఆరడుగుల పైన ఉంటాడు. ముక్కు మీద చర్మం ఎండకి పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఎస్టేటు అరవం మాట్లాడతాడు, అందులో "మీరు" లేదు, అందరూ "నీ"లే, తన భార్య కూడా. నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. నా ఇంగ్లీషు తుపాకుల క్యాటలాగుల్లో నేర్చుకున్నది కాబట్టి ఆ గదిలో మాకు మాటలకి లోటు రాలేదు. గది బయటికొచ్చాక ఇద్దరం మూగవాళ్ళమే.

బల్లమీద గుళ్ళ పెట్టెలు తేలికవాటి నుంచి బరువైనవాటి దాకా వరసగా పెట్టి ఉన్నాయి. చివరివి నా చిటికెన వేలంత పొడుగు. మందు డబ్బాలు మూడు. ఒక మూల కుర్చీలో యూసుఫ్ అనే మలాయ్ కాన్‌స్టేబులు. తూటా నింపిన ప్రతిసారీ, కాల్చిన ప్రతిసారీ అతను దగ్గరుండి లెక్కపెట్టాలని పోలీసు ఉత్తర్వు.

దొర సిద్ధాంతం సులువైనది. తేలిక గుండు గాలికి కొట్టుకుపోతుంది, బరువు గుండు దూరం నిలుస్తుంది, కాబట్టి అన్నిటికన్నా బరువైనదే అన్నిటికన్నా మంచిది. "మరి నీ మాట?" అన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను చిటికెన వేలంత గుండు తీసి, తూచినట్టు చేతిలో ఆడించి, "ఇదే," అన్నాను. దొర మొహం వెలిగింది.

ఎస్టేటు వెనక కొబ్బరి వరసల మధ్య మూడు వందల గజాల్లో అట్టముక్క నిలబెట్టాం. తూటాలు దొర ముందే నింపి ఉంచినవి. దొర కాల్చాడు. అట్ట కదల్లేదు, కుడివైపు చెట్టుకి కట్టిన కల్లుకుండ పగిలింది. రెండోది ఎటు పోయిందో ఈ రోజుకీ తెలియదు. మూడోది అట్ట అంచుకి తగిలింది. కన్నం గుండ్రంగా లేదు, తాళంచెవి పట్టేంత పొడుగ్గా ఉంది. ఇంతలో కల్లు గీసేవాడు తల మీద నురగతో చెట్టు దిగి వచ్చి దొరని ఏమీ అనలేక నన్ను తిట్టాడు.

నన్ను భయపెట్టింది అది కాదు. ప్రతి తూటా పేలాక తుపాకీ వెనక గొళ్ళెంలా మూసుకునే బోల్టు తెరుచుకోవడం లేదు. దొర దాన్ని నేలమీద ఆనించి బూటుకాలితో తన్ని తెరుస్తున్నాడు, మూడేళ్ళుగా అలాగే తెరుస్తున్నాడట. దూరం సంగతి నాకు తెలియదు గాని ఇది తెలుసు. లోపల పొంగు తుపాకీ భరించగలిగినదానికన్నా ఎక్కువవుతోంది. మొసలికన్నా ముందు ఆ తుపాకీ దొరని తినేసేది.

అప్పుడిక దాచడం నావల్ల కాలేదు. నాకున్న క్యాటలాగుల ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను. "అయ్యా, నేను ముప్ఫై అడుగుల పులుల మనిషిని. మూడు వందల గజాలు నాకు తెలియదు. ఏనుగుని నేను సర్కస్‌లో చూశాను. కానీ ఈ తూటాలు ఇంకొక్కటి కూడా కాల్చకండి, మీ కళ్ళు పోతాయి," అన్నాను.

బావ మేజోళ్ళు పైకి లాక్కున్నాడు. దొర పగిలిన కల్లుకుండ వైపు చూశాడు.

"సర్కస్‌లోనా?" అన్నాడు చివరికి. "మరి ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. నేర్చుకుందాం," అన్నాను.

బావ ఇంటికొచ్చి మేజోళ్ళు విప్పి గోడకేసి కొట్టాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు! సర్కస్ అని ఎందుకు సెప్పినావు? జూలో అని సెప్పొచ్చు కదా!"

పీచూ, చిప్పా

ఎస్టేటులో కొబ్బరి ఎండబెట్టే బట్టీలో అక్క పని చేస్తుంది. మర్నాడు మనసు బాగాలేక అక్కడికి వెళ్ళి కూర్చున్నాను. కొత్తగా పనిలో చేరిన ఒకామె పొయ్యిలో పీచు వేస్తుంటే అక్క అరిచింది.

"పీసు ఎయ్యకే! పీసు బగ్గుమని మండి పోద్ది, పైన కొబ్బరి మాడతాది, లోపల పచ్చిగానే ఉంటాది. సిప్పలెయ్యి. సిప్ప నిదానంగా అంటుకుని పొద్దుగూకేదాకా కాలతాది. బరువైన పనికి నిదానం మంట ఉండాల."

నేను లేచి నిలబడ్డాను. దొర డబ్బాల్లో ఒకటి పీచులాంటి మందు. భగ్గుమని ఒక్కసారే పొంగుతుంది. తేలిక గుండైతే ఆ తోపుకి చటుక్కున కదిలి దారిస్తుంది. బరువు గుండు వెంటనే కదలదు, పొంగంతా వెనక బోల్టు మీద పడుతుంది. ఇంకొక డబ్బాలో ముతక గింజ మందు, దొర ఎప్పుడూ మూత తీయనిది. అది చిప్పలాంటిది. బరువు గుండుని బారెల్ పొడుగునా నెమ్మదిగా, గట్టిగా నెట్టుకుపోతుంది.

"ఏట్రా సూరీ, దెయ్యం పట్టినట్టు నిలబడినావు?" అంది అక్క.

"అక్కా, నువ్వు రాజావారి కొలువులో ఉండాల్సిందే," అని పరుగెత్తాను.

అడ్డంగా పడిన కన్నం సంగతి గడియారాల బుద్ధి చెప్పింది. బారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండుని అవి బొంగరంలా తిప్పి పంపుతాయి. తుడిచే కడ్డీకి గుడ్డ బిగించి, కడ్డీ మీద సుద్దతో గుర్తు పెట్టి బారెల్లోకి నెట్టాను. ఒక చుట్టు తిరగడానికి కడ్డీ ఎన్ని అంగుళాలు వెళుతుందో చూశాను. ఆ పాత తుపాకీలో మెలి చాలా బద్ధకంగా ఉంది. పొట్టి బొంగరాన్ని కొంచెం తిప్పినా నిలబడుతుంది, పొడుగు బొంగరానికి ఎక్కువ తిప్పు కావాలి. దొర చిటికెన వేలి గుళ్ళు చాలినంత తిరగక దారిలో తలకిందులై వెళుతున్నాయి. మంచి గుండు అంటే పెట్టెలో బరువైనది కాదు, ఆ తుపాకీ తిప్పి నిలబెట్టగలిగిన వాటిలో బరువైనది.

చివరి నుంచి మూడో పెట్టె తీశాను. మందు గురివిందలతో తూచి, కంపెనీ పుస్తకంలో ఉన్నదానికన్నా బాగా తక్కువ నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ బోల్టు చేత్తో తెరుచుకుంటుందో లేదో చూసుకుంటూ ఎనిమిది రోజులు పనిచేశాం. యూసుఫ్ లెక్కపెట్టి పెట్టి విసిగిపోయి, అక్క పంపిన అట్లు తిని కుర్చీలోనే కునుకు తీసేవాడు. లేచి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు. తొమ్మిదో రోజు ఐదు తూటాలు అట్టమీద నా అరచేయంత మేరలో పడ్డాయి. కన్నాలు ఐదూ గుండ్రంగా ఉన్నాయి. దొర ఒక్కొక్క కన్నంలో వేలు పెట్టి చూశాడు.

గాలి సంగతి పాక్ మాట్ చెప్పాడు. పొద్దు పది దాటాక పోటు తీస్తున్నప్పుడు ఒక అరగంట ఏటిమీద ఆకు కదలదట. "కానీ తాతగారు మీకోసం రారు. ఆయన ఇష్టం," అన్నాడు.

మెర్డెకా

మెర్డెకా రోజు పొద్దున్న ఊరి మైదానంలో జెండా పండుగ. బడిపిల్లలు, బ్యాండు, చీనావాళ్ళ సింహం ఆట, మన లైన్ల వాళ్ళ డప్పులు, అన్నీ ఒకేసారి. దొర తెల్ల సూటులో వేదిక మీద కూర్చున్నాడు. పాత జెండా దిగినప్పుడు ముక్కు తుడుచుకున్నాడు, కొత్తది ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ముసలాయన ఒకడు నాకు లడ్డూ పెట్టి, "మీకు పదేళ్ళయింది కదా. ఎలా ఉంటుంది?" అని అరవం కలిసిన తెలుగులో అడిగాడు. నేను లడ్డూ నోట్లో వేసుకున్నాను.

అప్పుడు పాక్ మాట్ సైకిలు మీద వచ్చి బావ చెవిలో చెప్పాడు. జనమంతా మైదానంలో ఉన్నారు, ఏటి ఒడ్డు నిర్మానుష్యంగా ఉంది, తాతగారు పూర్తిగా బయటికొచ్చి పడుకున్నారు.

బావ వేదిక ఎక్కి దొరకి చెప్పాడు. దొర లేచాడు. కానీ యూసుఫ్ కవాతులో ఉన్నాడు, అతను లేకుండా తూటా గది దాటకూడదు. కవాతు మా ముందునుంచి వెళుతుండగా బావ పక్కనే నడుస్తూ బతిమాలాడు.

"స్వాతంత్ర్యం అయ్యేదాకా ఆగాలి లా!" అన్నాడు యూసుఫ్, మెడ తిప్పకుండా.

స్వాతంత్ర్యం ఇంకో ఇరవై నిమిషాలకి అయింది. యూసుఫ్ తెల్ల చేతితొడుగులతోనే సైకిలెక్కాడు. దొర కారు, బావ సైకిలు, వెనక నేను. బంగళాలో తుపాకీ, తూటాలు తీసుకుని ఒడ్డు చేరేసరికి పదిన్నర. ఆకు కదలడం లేదు. అవతలి ఒడ్డున బురదలో బురదలా అది పడుకుని ఉంది.

నేను చేసిన తూటాలు మూడు గుడ్డమీద పెట్టాను. దొర బోర్లా పడుకున్నాడు, తెల్ల సూటు బురదైంది. మొసలి మెడ మొదట్లో, కంటి వెనక జామకాయంత చోటుంది. అక్కడే కొట్టాలి. ఊపిరి బిగబట్టాను. తుపాకీ పేలింది. మొసలికి పది గజాల పక్కన బురద లేచింది.

దొర బోల్టు లాగాడు. అది రాలేదు.

నేను ఆయన మొహం చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. జేబులోంచి తన చిటికెన వేలి తూటా ఒకటి తీసి ముందే తుపాకీలో పెట్టుకున్నాడు, నాకు చెప్పకుండా. మూడేళ్ళ నమ్మకం ఒక్క రోజులో పోదు కదా.

"మన్నించు," అన్నాడు మెల్లగా, కాలితో బోల్టు తన్నుతూ.

అంతా అయిపోయిందనుకుని అవతలికి చూశాను. మొసలి కదల్లేదు. మూడేళ్ళుగా దొర తూటాలకి అలవాటుపడింది. అవి తనకి తగిలేవి కావని దానికి తెలుసు. రెండోసారి నా తూటా పెట్టి దొర కాల్చాడు. ఈసారి బురద లేవలేదు. తోక ఒక్కసారి పైకి లేచి నెమ్మదిగా పడింది. నోరు తెరుచుకుంది, అలాగే ఉండిపోయింది. దొర బోల్టు చేత్తో తెరిచాడు.

"పాపం, దొరని నమ్మి సచ్చిపోయింది బామ్మర్దీ," అన్నాడు బావ.

యూసుఫ్ ఖాళీ గొట్టాలు రెండూ ఏరి, తెల్ల తొడుగుతో తుడిచి, లెక్క సరిపోయిందన్నాడు. ఆ తర్వాతే నవ్వాడు.

కొలత

పాక్ మాట్ దాన్ని తాడుతో ఇవతలికి లాక్కొచ్చాడు. తాతగారికి క్షమాపణ చెప్పుకుని తాడు విప్పాడు. మైదానం నుంచి జనమంతా వచ్చేశారు. దొర చెయ్యి చాచి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. పెద్ద కిరాణీ కుర్చీ గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు గాని, బావ ఆ చేతిని జేబులో దాచుకున్నాడు. టేపు తెచ్చి కొలిచాడు. పదకొండున్నర అడుగులు.

జనం దారిచ్చారు. కర్ర ఊతంతో సింహాద్రి వచ్చాడు. మొసలి చుట్టూ ఒకసారి తిరిగాడు. మూడేళ్ళుగా అతను ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి కల్లుపాకలోనూ దాన్ని పద్దెనిమిది అడుగులని చెబుతున్నాడు. ఆ కథ వినడానికే జనం అతనికి కల్లు పోసేవారు.

"ఇది కాదు," అన్నాడు.

కర్రతో మొసలి తోకని పొడిచాడు.

"నా కాలు తీసింది ఇది కాదు. ఇది దాని పిల్లేమో. నాది ఇంకా ఏట్లోనే ఉంది."

బుట్టలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వెనక్కి జరిగారు. బురదలో దిగబోయిన ఒకామె కాలు పైకి తీసుకుంది. బావ టేపు మళ్ళీ చాపి, తోక గట్టిగా లాగి కొలిచాడు. పదకొండున్నరే. దొరకి ఎవరో అరవంలో విషయం చెప్పారు. ఆయన సూటు బురదలోనే కూర్చుండిపోయాడు. నా ఎనిమిది రోజుల తూకం, పీచూ చిప్పా జ్ఞానం, అన్నీ ఆ ఒక్క మాటతో ఏట్లో కలిసిపోయాయనుకున్నాను.

అక్క బుట్ట చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"సింహాద్రన్నా, సచ్చినాక ఏ జీవమైనా కుంచించుకుపోద్ది. మా మావగారు బతికున్నప్పుడు ఎంత మనిషి? ఆరడుగులు. పాడె మీద పడుకోబెట్టినాక ఎంత ఉన్నాడు? నువ్వూ మోసినావు కదా, సెప్పు."

సింహాద్రి ఆలోచించాడు. కర్ర మీద బరువు ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు.

"ఐదున్నర," అన్నాడు. "ఔను. పాడె మీద ఐదున్నరే."

"మరి?"

అతను వంగి మొసలి మూతి మీద చెయ్యి పెట్టాడు. పళ్ళు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. ఎడమవైపు ఒక చోట పన్ను లేదు. అక్కడ వేలు ఆపి తన లేని పాదం వైపు చూసుకున్నాడు. మళ్ళీ లేచినప్పుడు అతని గొంతు మారిపోయింది.

"ఇదే," అన్నాడు.

అక్క వెనక్కి తిరిగి చూడకుండా చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి బురదలోకి దిగింది. ఆమె వెనక ఒకామె, ఆమె వెనక ముగ్గురు, తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. బుట్టల్లో గుల్లలు పడుతున్న చప్పుడు మొదలైంది.

బావ చెవి మీది పెన్సిలు తీసి, ఎస్టేటు పుస్తకం మోకాలి మీద తెరిచాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు అంకె వేయని మనిషి. పెన్సిలు ఆపి సింహాద్రి వైపు చూశాడు.

"ఎంతని రాయమంటావు?"

"బతికున్నప్పటిది రాయి," అన్నాడు సింహాద్రి.